బంతి వెంట పాట

బాన్సువాడ కుర్రాడికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంటే, దోస్తుకు ముందుగా ఏ సినిమా చూడమని చెప్పాలి? ‘మైదాన్’ అనే చెప్పాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కథ అది. అమిత్ శర్మ దర్శకత్వంలో 2024లో వచ్చింది. సంగీతం ఏ.ఆర్. రెహమాన్. 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మన జట్టుకు కోచ్ రహీమే. మరుసటి ఏడాదే క్యాన్సర్ ఆయన్ని పొట్టన పెట్టుకుంది. అంతటి హైదరాబాదీ పేరు మన పిల్లల్లో చాలామంది ఓ హిందీ సినిమా వచ్చేదాకా వినకపోవడం మనసును కలుక్కుమనిపిస్తుంది.

తర్వాత ‘విజిల్’. అట్లీ తీసిన తమిళ ‘బిగిల్’కు తెలుగు రూపం, 2019 నాటిది. అమ్మాయిల జట్టు కథ. బాణీలు దానికీ రెహమాన్‌వే. పాత నిజామాబాద్ జిల్లా వాళ్లకు అది ఉత్త తెరమీది కథ కాదు. అక్కడి తండా నుంచి ఎదిగిన గుగులోత్ సౌమ్య 2022లో ఏకంగా క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది!

లేనిదల్లా అభిమానులు సొంతంగా వేసుకునే పత్రిక. లివర్‌పూల్‌లో పీటర్ హూటన్ 1981లో మిత్రులతో కలిసి ‘ది ఎండ్’ మొదలుపెట్టాడు. ఆట, పాట, కుర్రకారు వేసుకునే బట్టలు, అన్నిటి ముచ్చట్లూ అందులోనే. ఆ హూటనే ‘ది ఫార్మ్’ బ్యాండ్ గాయకుడయ్యాడు.

హీరోలకు కటౌట్లు కట్టే మన ఊళ్లలో ఉత్సాహానికి కొదవా? బాన్సువాడలో ఏ జిరాక్స్ షాపులోనైనా నాలుగు పేజీలు తీయించవచ్చు. ముఖచిత్రం సౌమ్య, లోపల రహీం, చివరి పేజీలో ఈ వారం వినాల్సిన పాటలు.