ఎదురు బండి లైటు

కంటి పరీక్షలో చార్టు చదవమంటే గడగడా చదివేస్తారు. పగలు ఏ ఇబ్బందీ లేదంటారు. ‘ఎదురుగ్గా బండి వస్తే మాత్రం రోడ్డే అగపడదు సార్’ అంటారు. గుత్తి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. ఈ మాట చెప్పే డ్రైవర్లకు కొదవ లేదు.

తాడిపత్రి బండలు తోలే యాభై దాటిన లారీ డ్రైవరు ఒకతను, తప్పంతా కొత్తగా వచ్చిన తెల్ల ఎల్‌ఈడీ లైట్లదేనన్నాడు. లైట్ల తప్పు లేకపోలేదు. అయితే అతనికి చాన్నాళ్లుగా షుగరు. చార్టు చదువుతుండగానే పక్కనుంచి కంట్లోకి పెన్‌టార్చి వేశాను. అప్పటిదాకా చదివిన కింది వరసలు పోయాయి. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక చూస్తే, కటకం వెనక పొర దగ్గర, సరిగ్గా నడిమధ్యన చిన్న శుక్లం.

షుగరు ఉన్నవాళ్లకూ, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవాళ్లకూ ఈ రకం వస్తుంటుంది. దుమ్ముపట్టిన అద్దం మీద ఎండ పడినట్టు, ఎదుటి వెలుగు ఆ మచ్చకు తగిలి కన్నంతా చెదురుతుంది. అప్పుడు ముందుగా మాయమయ్యేది మసకలో కలిసిపోయే వస్తువులే: తారురోడ్డు అంచున నల్ల కంబళి కప్పుకుని గొర్రెలు తోలుకుపోయే మనిషి, రిఫ్లెక్టరు లేని ట్రాక్టరు ట్రాలీ. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. చూపు తేరుకోవడానికి మూడు సెకన్లు పట్టిందా, 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. వయసు మీదపడేకొద్దీ ఆ తేరుకునే సమయం పెరుగుతుంది.

డివైడరు మీద గన్నేరు అందానికే నాటారనుకుంటాం. ఎదురు లైట్లకు అది అడ్డు కూడా. పశువులు ముట్టవు, నీళ్లు అంతగా అడగదు. మా కరువు నేలకు తగిన చెట్టు. డివైడరు లేని రోడ్లకు ఆ భాగ్యమూ లేదు. అక్కడ డిమ్ము కొట్టే మర్యాద ఒక్కటే దిక్కు.

లైసెన్సు కోసం డాక్టరు సంతకం చేసే ఫారం 1ఏ, పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన నంబరు ప్లేటు పోల్చుకోగలడా అని అడుగుతుంది. రేచీకటి ఉందా అని కూడా అడుగుతుంది. ఎదురు వెలుగులో చూపు ఎంత పడిపోతుందని మాత్రం అడగదు. అడగాలి.

మేనరికపు సంబంధంలో పుట్టిన ఒక కుర్రాడు కూడా ఇలాగే లైట్లను తిట్టుకుంటూ వచ్చాడు. రెటీనా అంచుల్లో నల్లటి మచ్చలు, రేచీకటి తెచ్చే రెటినైటిస్ పిగ్మెంటోసా. ఆపరేషన్‌తో తీరేది కాదు. రాత్రి స్టీరింగు పట్టొద్దని చెబితే, అద్దెకు తీసుకున్న ఆటో తాళం చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. పగటి బేరాలతో ఇల్లు గడుస్తుందా అని వాళ్లమ్మ నన్నడిగింది.

బండల లారీ డ్రైవరుది తీరే జబ్బు. అయినా శుక్లం ముదరాలి, ఆగమని ఎవరో చెప్పారట. పసుపు అద్దాలు కొని పెట్టుకున్నాడు. అవి కంట్లోకి వచ్చే కాస్త వెలుతురునూ తగ్గిస్తాయి. ముదిరేదాకా ఆగడం పాతకాలపు మాట. రాత్రి బండి తోలేవాడికి చార్టులో చివరి వరస కనిపించినా, ఎదురు లైటుకు చూపు పోతుంటే ఆపరేషన్‌కు ఆ కారణం చాలు. షుగరు అదుపులోకి వచ్చాక ఒక కంటికి చేయించాం. రెండోది కూడా అయ్యేదాకా పగటి ట్రిప్పులే ఇమ్మని ఓనరుకు చీటీ రాసిచ్చాను.