హైవేకి ఇవతల, అవతల

మా కాలనీకి ఇళ్లకంటే ముందు రోడ్లు వచ్చాయి. 1980ల్లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో నాన్నకు తక్కువ ఆదాయం వాళ్ల కోసం కట్టిన ఎల్‌ఐజీ ఇల్లు మంజూరైంది. ఓ ఆదివారం వెళ్లి చూసొచ్చి, "ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. రోడ్లు మాత్రం పెద్ద పట్నానికి సరిపోతాయి" అని అమ్మతో చెప్పాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, భయం ఎంతో నాకు అప్పుడు తెలియలేదు.

సామాన్లు దించుకున్నాక చూస్తే నిజంగానే అంతే. నంబర్లు వేసిన రోడ్లు, వాటి పక్కన సిమెంటు కాలువలు, కూడళ్లలో కరెంటు స్తంభాలు. మధ్యలో తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు, నల్లటి బండలు. బడి కోసం, బజారు కోసం, పార్కు కోసం విడిచిపెట్టిన జాగాలన్నీ ఎర్రమట్టి మైదానాలు. తెనాలి పక్కన పచ్చటి పల్లెలో పెరిగిన అమ్మకు ఆ ఎర్రటి ఖాళీ గుబులు పుట్టించింది. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. సికింద్రాబాద్ వెళ్లాలంటే హైవే దాకా నడిచి 219 బస్సు కోసం నిలబడాలి. నగరం వాళ్లకు మేం ఊరి బయటివాళ్లం. చుట్టాలు ఓసారి వచ్చివెళ్తే మళ్లీ సంక్రాంతికే కనిపించేవాళ్లు.

పిల్లలకు మాత్రం ఆ ఖాళీ అంతా సొంత ఆస్తి. ఎల్‌ఐజీ వాళ్లం, ఎంఐజీ వాళ్లం, హెచ్‌ఐజీ వాళ్లం అందరం ఒకే ఎర్రమట్టిలో ఆడుకున్నాం, ఒకే బడికి వెళ్లాం. చిన్న ఇళ్లు, పెద్ద ఇళ్లు ఒకే కాలనీలో పక్కపక్క వీధుల్లో ఉండేలా గీయడం వల్ల వచ్చిన స్నేహాలవి. ఆ సంగతి ఎంత విలువైనదో, గేటు లోపల ఒకే జీతం స్థాయి వాళ్లుండే సముదాయాలు చూశాక తెలిసింది. గట్టి వాన కురిస్తే కాలువలు నిండా పారేవి. వాన వెలిసిన కాసేపటికి రోడ్డు ఆరేది, మేం మళ్లీ గోళీలతో కూర్చునేవాళ్లం. అది ఎవరో ముందుగా వాలు కొలిచి గీసిన గీతల పుణ్యమని ఏ పిల్లలకు తడుతుంది?

హైవేకి అవతల ఉన్నది నిజాంపేట. అప్పటికది పూర్తి పల్లెటూరు. అక్కడి నుంచి సైకిలు మీద పాలు తెచ్చే పెద్దాయన్ని మేం తాతా అనేవాళ్లం. సెలవుల్లో ఆయన సైకిలు వెనక కూర్చుని ఆ ఊరికి వెళ్లేదాన్ని. దారి పొడుగునా జొన్నచేలు, కూరగాయల మడులు, అక్కడక్కడా ద్రాక్షతోటలు. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష బాగా పండిన కాలమది. అనాబెషాహీ గుత్తులు పందిళ్ల కింద వేలాడుతుండేవి. ఆ పందిళ్లను మోసేవి రాతి కడీలు, మనిషి ఎత్తుకు మించినవి, వరసలు వరసలుగా. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పందిరి కింద నిలబడితే బయటి ఎండ సంగతే గుర్తుండేది కాదు.

ఊరి పక్కన చెరువు. బతుకమ్మ పండగకు తాత కోడలు మా అమ్మను తీసుకెళ్లింది. తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మను అమ్మ చూడడం అదే మొదలు. ఆడవాళ్లంతా చెరువులో బతుకమ్మలను వదులుతుంటే, నేను మత్తడి మీద నుంచి దూకుతున్న నీళ్లు చూస్తూ ఇవి ఎక్కడికి పోతాయని తాతను అడిగాను.

"ఏడికి పోతయి బిడ్డా? కింది చెరువుల పడ్తయి. అది నిండితె దాని కిందున్న చెరువుకు. నీళ్లకు తొవ్వ ఉంటది. ఆ తొవ్వల మనం ఇల్లు కట్టుకోం."

ఆ వరసనే పుస్తకాల్లో గొలుసుకట్టు చెరువులంటారు. దక్కన్ పీఠభూమి మీద హైదరాబాద్ చుట్టూ ఉన్న ఊళ్లన్నీ ఆ గొలుసుల మీద బతికినవే. చెరువు నిండినప్పుడు మునిగే నేల శిఖం. ఎండాకాలం అందులో దోసకాయలు, పుచ్చకాయలు వేసుకోవచ్చు, వానాకాలం అది నీళ్లదే. రాసిపెట్టిన చట్టం అక్కర్లేకుండా ఊరంతా పాటించిన భూవినియోగ ప్రణాళిక అది.

నేను హైస్కూలుకు వచ్చేసరికి జొన్నచేలలో రంగు జెండాలు లేచాయి. నేల మీద సున్నం గీతలు, నలుమూలలా హద్దురాళ్లు. ఎకరానికి ఇంత అని మాట్లాడినచోట గజానికి ఇంత అనడం మొదలైంది. నీళ్లు లోతుకు పోయిన తోటల్లో పందిళ్లు విప్పేశారు. ద్రాక్ష పోయింది గానీ కడీలు పోలేదు. వాటినే తెచ్చి ప్లాట్ల చుట్టూ పాతి ముళ్లతీగ చుట్టారు.

తాత కొడుకులు కూడా అమ్ముకున్నారు. అందులో నాకు తప్పు కనిపించదు. బోరు ఎండిన చేను, పెళ్లికెదిగిన ఆడపిల్లలు, పక్కవాడు అమ్మాక మధ్యలో మిగిలి దారి లేకుండా పోయిన ఒంటరి మడి. అప్పుడు అమ్మక ఏం చేస్తారు? కొన్నవాళ్లూ మాలాంటి వాళ్లే. బోర్డు ఇల్లు లాటరీలో రానివాళ్లు, దరఖాస్తు పెట్టే అర్హత లేనివాళ్లు, నగరం లోపల ధరలకు అందనివాళ్లు. పండగ బోనసు, ఇల్లాలి గాజులు కలిపితే నూటయాభై గజాలు వస్తాయంటే ఎవరికి ఆశ పుట్టదు? కొన్ని వేలమందికి సరిపోయే కాలనీ ఒకటి కట్టి లక్షలమంది వచ్చే నగరానికి అదే చాలనుకుంటే, మిగిలినవాళ్లు తమ దారి తాము వెతుక్కుంటారు.

అసలు తప్పు ఎక్కడుందో నాకు చాలా ఏళ్లకు, ఇంజినీరింగ్ చదివి నగర ప్రణాళికలు పరిచయమయ్యాక తెలిసింది. 1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) ఏర్పడింది, మాస్టర్ ప్లాన్ వచ్చింది. మాస్టర్ ప్లాన్‌లో నివాసాలకు ఒక రంగు, పరిశ్రమలకు ఒక రంగు, పొలాలకు ఒక రంగు ఉంటాయి. పెద్ద రోడ్లు ఉంటాయి. కానీ రంగు వేసిన ఆ మేర లోపల వీధులు ఎలా కలవాలి, వాన నీళ్లు ఎటు పోవాలి, బడి ఎక్కడ అన్నవి ఎవరు గీస్తారు? భూమిని కొన్న వెంచర్ వాళ్లు, వాళ్ల సర్వే నంబరు మేరకు. ఈ వెంచర్‌లో ముప్పై అడుగుల రోడ్డు పక్క వెంచర్ ప్రహరీకి తగిలి ఆగిపోతుంది. ఇక్కడి మురుగు కాలువ అక్కడి ప్లాటు ముందు నిలిచిపోతుంది. ఒక్కో ముక్క కాగితం మీద చక్కగానే కనిపిస్తుంది. ముక్కలన్నీ కలిపి చూసే కాగితం మాత్రం ఎవరి బల్ల మీదా లేదు.

మా కాలనీని పొగిడి ఊరుకుంటే అన్యాయం. నిజాంపేటలో జెండాలు లేవడానికి మేమూ కారణమే. బోర్డు అప్పటి నగరానికి ఎంతో దూరంగా, భూమి చవకగా దొరికేచోట కాలనీ వేసింది. అంతదూరం నీళ్ల గొట్టం, కరెంటు తీగ, బస్సు వచ్చాయి. వచ్చాక నగరానికీ మాకూ మధ్య ఉన్న నేల, మాకు అవతలి నేల రెండూ ధర పలికాయి. ఓసారి తాత మా గడప ముందు పాలు పోస్తూ, "మీ రోడ్లన్నీ ఒకప్పుడు చేన్లే తల్లీ. ఆ రైతులు ఏడికి పోయిండ్రో ఎవరు అడిగిండ్రు?" అన్నాడు అమ్మతో. అమ్మ ఏమీ అనలేదు. నష్టపరిహారం ఇచ్చి భూమి తీసుకోవడంతో రైతు కథ అయిపోదు. ఆ నేల మీద లేచిన పట్నంలో అతనికి చోటుండాలి కదా.

1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచాక మా చివరి వీధులు నగరం నడిబొడ్డయ్యాయి. 2007లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామపంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌ను (జీహెచ్‌ఎంసీ) ఏర్పాటు చేశారు. కూకట్‌పల్లి అందులో కలిసింది, నిజాంపేట కలవలేదు. మరుసటి ఏడాది హుడా స్థానంలో ఏడు వేల చదరపు కిలోమీటర్లు దాటిన మేరతో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వచ్చినా, నిజాంపేట రోజువారీ పాలన పంచాయతీదే. నాలుగడుగులు వేస్తే ఇవతల మహానగరం, అవతల గ్రామపంచాయతీ. వీధి దీపాలకూ చెత్తకూ సరిపోయే సిబ్బంది ఉన్న పంచాయతీ చేతిలో వేల అపార్టుమెంట్లు. 2019లో అది నగరపాలక సంస్థ అయ్యేసరికి కట్టవలసినవన్నీ కట్టేశారు.

అంతకుముందే 2016 సెప్టెంబరు వానలు వచ్చాయి. తుర్క చెరువు పొంగి నిజాంపేటలోని బండారి లేఅవుట్ నీట మునిగింది. సెల్లార్లు నిండిపోయాయి, జనం రోజుల తరబడి పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. టీవీలో ఆ నీళ్లు చూస్తూ అమ్మ తాత మాట గుర్తుచేసుకుంది. తాత అప్పటికి లేడు.

చెరువుల పక్కన ఎంత దూరం విడవాలో రాతపూర్వకంగానే ఉంది. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు. అయితే చెరువు అంచు ఒక్కటే కాపాడితే చాలదు. చెరువుకూ చెరువుకూ మధ్య నీళ్లు నడిచే వాగు ప్లాట్ల కింద కనుమరుగైపోతే, అంచు కాపాడి లాభమేముంది? చెరువు నిండుతుంది, మత్తడి దూకుతుంది. ఆపైన దారి లేదు.

తర్వాత క్రమబద్ధీకరణ. 2020లో తెలంగాణలో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకానికి దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఆ అంకె ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. అన్ని కుటుంబాలు నియమం బయట ఉన్నాయంటే నియమమే వాళ్లకు దూరంగా ఉందని అర్థం. లేఅవుట్‌లో విడవవలసిన పది శాతం ఖాళీ స్థలం విడవకపోతే, ఆ పథకంలో ప్లాటు విలువపై 14 శాతం రుసుము కట్టాలి. డబ్బు ఖజానాకు చేరుతుంది, రిజిస్ట్రేషన్ చిక్కు తీరుతుంది, బ్యాంకు అప్పు పుడుతుంది. కొన్నవాళ్లకు అది పెద్ద ఊరట, నాకు దాని మీద కోపం లేదు. కానీ ఆ వీధి పిల్లలకు ఆడుకునే జాగా ఎక్కడి నుంచి వస్తుంది? ఇళ్లు లేచాక ఎంత డబ్బు పోసినా పార్కుకు నేల పుట్టదు.

నగరం పెరగకుండా గీత గీసి ఆపొచ్చని నేను నమ్మను. 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. ఆ జలాశయాలకు అది ఎంతో మేలు చేసింది. అయినా పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తన చేను మాత్రం చేనుగానే ఉండాలన్న రైతుకు మనం తిరిగి ఏమీ ఇవ్వలేదు. అందుకే ఆ గీత మీద ఒత్తిడి పెరిగింది, 2022లో దాన్ని సడలించారు.

నాకు నచ్చిన పద్ధతి అహ్మదాబాద్‌ది. అక్కడి నగర విస్తరణలో టౌన్ ప్లానింగ్ స్కీముల పాత్ర చాలా పెద్దది. ఈ పద్ధతికి మూలం 1915 నాటి బొంబాయి చట్టం. నగరం అంచున ఉన్న చేలన్నీ ఒకే నక్షాలోకి తెస్తారు. వీధులు, కాలువలు, బడి, పార్కు ముందు గీస్తారు. ప్రతి రైతు కొంత నేల వదులుకుంటాడు. మిగిలినది వంకరలు పోయి, రోడ్డుకు ఆనుకుని అతనికే తిరిగి వస్తుంది. నేల తగ్గినా విలువ పెరుగుతుంది, పట్నంలో అతనికి చోటు మిగులుతుంది. మన దగ్గర ఉప్పల్ భగాయత్‌లో రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇచ్చారు. 2015లో అమరావతిలో భూసమీకరణ జరిగింది. రాజధాని పని ఆగినప్పుడు అక్కడి రైతులు పడ్డ బాధ చూశాక, నక్షా గీసినంత శ్రద్ధగా మాట కూడా నిలబెట్టుకోవాలని అనిపించింది. అయినా వరస మాత్రం అదే సరైనది. ముందు నీళ్ల దారి, తర్వాత మనుషుల దారి, ఆ తర్వాతే ఇల్లు.

ఇప్పుడు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దాటి, రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందంటున్న ఊళ్లలో సున్నం గీతలు పడుతున్నాయి. మా చెల్లెలి కొడుకు సంగారెడ్డి వైపు ప్లాటు బేరం చేశాడు. "పెద్దమ్మా, తూర్పు ముఖం, కార్నర్ బిట్" అని సంతోషంగా ఫోన్ చేశాడు.

"ఊరి చెరువు మత్తడి ఎటువైపుందో చూశావా?" అని అడిగాను.

"చూళ్లేదు. బ్రోచర్‌లో చెరువే లేదు."

గ్రామ నక్షా నకలు తీయించమని చెప్పాను. పార్కు కింద చూపిన స్థలం స్థానిక సంస్థ పేరున రిజిస్టరైందో లేదో కాగితం అడగమన్నాను. పక్క సర్వే నంబరులోకి ఆ రోడ్డు కలుస్తుందా, గోడకు తగిలి ఆగుతుందా నడిచి చూడమన్నాను. బయానా అప్పుడే ఇవ్వొద్దన్నాను.

"సరే, వచ్చే ఆదివారం నువ్వు కూడా రా" అన్నాడు. అక్కడ పశువులు మేపే పెద్దవాళ్లు ఎవరైనా కనిపిస్తే నీళ్ల తొవ్వ ఏదో ముందు వాళ్లనే అడుగుతాను.