ఎండిన గుర్రానికి మొదటి మేత

గత కార్తీకమాసంలో ఒక సాయంకాలం మా వీధి చివర ఒక చిన్న లారీ ఆగింది. మేముండేది కడపలో బుగ్గవంకకు ఆవలి వైపు. ఆ వీధి చివరి రేకుల షెడ్డులో ఒక యువకుడు పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చి బతుకుతున్నాడు. ఉన్న గుర్రం ముసలిదైపోయిందని, అప్పు చేసి మరొకటి కొనుక్కొచ్చాడు. లారీ తలుపు తీయగానే దిగింది ఒక తెల్లని ఆడగుర్రం. చెవుల కొనలు లోపలికి వంగి మార్వారీ పోలిక ఉంది. మిగిలినదంతా ఎముకల గూడు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టవచ్చు. వెన్నుపూస మీద తోలు తాడులా నిలిచి ఉంది. తుంటి ఎముకలు రెండూ బట్టలు తగిలించుకునే కొయ్యల్లా బయటికి పొడుచుకొచ్చాయి. తక్కువకు వస్తుందని అలాంటి దాన్ని కొన్నాడు. మాఘంలో ముహూర్తాలు మొదలయ్యేనాటికి మేపి నిలబెడతానని అతని ధైర్యం.

మరునాడు ఉదయం అతడు నా గేటు దగ్గరికి వచ్చాడు. "సార్, పెద్ద డాక్టరు గదా మీరు. బలానికి రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించండి సార్. మా అమ్మ రాత్రే నాలుగు కిలోల ఉలవలు నానేసింది, ఈ పొద్దు ఉడకేసి పెడతాము" అన్నాడు.

పాఠక మిత్రులారా, నేను మనుషుల డాక్టరును. గుర్రానికి మందు రాసే అర్హత నాకు లేదు, రాయలేదు కూడా. కానీ ఆ నాలుగు కిలోల ఉలవల మాట వినగానే చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఆ షెడ్డుకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పాలంటే మిమ్మల్ని నలభై అయిదేళ్లు వెనక్కి తీసుకుపోవాలి.

అప్పుడు నేను కర్నూలు జిల్లాలో ఒక చిన్న ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టరును. ఒక ముసలమ్మను మంచం మీద మోసుకొచ్చారు. కొడుకు చనిపోయిన దిగులుతో మూడు వారాలుగా గంజినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదట. జ్వరం లేదు, దగ్గు లేదు, తేల్చి చెప్పగల జబ్బు ఏదీ లేదు. ఆకలే జబ్బు, అన్నమే మందు అనుకున్నాను. గ్లూకోజు సీసాలు వరుసగా ఎక్కించాను. పాలు, గుడ్లు, అన్నం కడుపునిండా పెట్టమని బంధువులకు చెప్పాను. మొదటి రోజు ఆమె లేచి కూర్చుని నాకు దండం పెట్టింది. రెండవ రోజు పాదాలు వాచాయి. మూడవ రోజు ఆయాసం, మాటలో తడబాటు. నాలుగవ రోజు తెల్లవారకముందే పోయింది. గుండె ఆగిపోవడం అని రాశాను. అది అబద్ధం కాదు. అయితే ఆ గుండె ఎందుకు ఆగిందో నాకు అప్పుడు తెలియదు.

శవాన్ని ఊరికి చేర్చడానికి ఒక జట్కా తాత ఒప్పుకున్నాడు. బండి కదలబోతూ, "ఎన్నాళ్లు తినలేదు సారూ ఈయమ్మ?" అని అడిగాడు. చెప్పాను. "మీరేమి పెట్టినారు?" అన్నాడు. అదీ చెప్పాను. ఆయన కాసేపు గుర్రం జూలు నిమురుతూ నిలబడి, "ఎండిన గుర్రానికి మేము మొదటినాడే ఉలవలు పెట్టము సారూ. పెడితే మూడోనాడో నాలుగోనాడో పడిపోతాది. గడ్డి పరకలే, కొంచెం కొంచెం. ఉలవలు నెల దాటినాకనే" అన్నాడు. అందులో నిందేమీ లేదు. తన వృత్తిలోని ఒక విషయం నాకు చెప్పాడంతే. బండి వెళ్లిపోయింది. నేను మటుకు ఆ మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

తాత చెప్పినదానికి వైద్యశాస్త్రంలో పేరుంది, దాన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసినప్పుడు చెరల నుంచి విడుదలైన ఖైదీలలో కొందరు, ఆకలితో బతికి ఉండి అన్నం దొరికాక మరణించడం చూసి వైద్యులు నివ్వెరపోయారు. జరిగేది ఇది. చాలాకాలం తిండి లేని శరీరం తన కొవ్వునూ కండనూ కరిగించుకుని నడుస్తుంది. అలా నడిచే క్రమంలో కణాలలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటుతాయి. ఆ స్థితిలో ఒక్కసారిగా పిండిపదార్థమో గ్లూకోజో వస్తే ఇన్సులిన్ ఉప్పొంగుతుంది. అది రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫేటునూ పొటాషియాన్నీ కణాల లోపలికి తోస్తుంది. రక్తంలో అవి పడిపోగానే గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు నీరసిస్తాయి, ఒంట్లో నీరు నిలుస్తుంది. థయామిన్ అనే బి1 విటమిన్ కూడా ఆ సమయంలో చాలకపోతే మెదడు దెబ్బతింటుంది. ఆకలిని తట్టుకున్న శరీరం అన్నాన్ని తట్టుకోలేకపోతుంది.

గుర్రానికీ సరిగ్గా ఇదే జరుగుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్యులు ఎండిపోయిన గుర్రాలకు వేరువేరు మేతలు పెట్టి రక్తపరీక్షలు చేసి చూశారు. గింజల దాణా కంటే లూసర్న్ గడ్డి మేలని తేల్చారు. అందులో పిండి తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ, ఫాస్ఫేటూ మెగ్నీషియమూ మెరుగు. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకొకసారి సుమారు అరకిలో. తరువాత వారం రోజులలో మెల్లగా పెంచుకుంటూ పోయి, పదవ రోజు దాటాక తిన్నంత. గింజలు అటుపై చాలా కాలానికి. జట్కా తాత ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. లూసర్న్‌ను తమిళులు 'కుదిరై మసాల్' అంటారు, కుదిరై అంటే గుర్రమే.

షెడ్డు దగ్గర ఆ యువకుని తల్లితో మాట్లాడటం అంత సులువు కాలేదు. "ఉలవలు పెట్టకుండా గుర్రమెట్లా లేస్తాది సారూ?" అని ఆమె వాదన. ఆమె తప్పేమీ లేదు, మన సీమలో ఉలవలంటేనే గుర్రపు బలం. చివరికి ఆ ఉలవలలో సగం వాళ్లింట చారుకు, సగం మా ఇంటికి వచ్చాయి. ప్రభుత్వ పశువైద్యశాల నుంచి డాక్టరును పిలిపించాము. ఆయన నాకంటే ముప్పై ఏళ్లు చిన్నవాడు. గుర్రం నోరు తెరిచి, దవడ పళ్ల అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గలను కోస్తున్నాయని చూపించాడు. గడ్డి నమలలేక ఉండలు చేసి ఉమ్మేస్తోందన్నమాట. తరువాత ఒక రోజు ఆకురాయితో ఆ అంచులు అరగదీశాడు. నులిపురుగుల మందు మాత్రం రెండు వారాలు ఆగి వేశాడు. బలహీనమైన పేగులో పురుగులన్నీ ఒక్కసారే చస్తే అదొక ప్రమాదమట. రక్తం తీసి గ్లాండర్స్, సర్రా పరీక్షలకు పంపాడు. గ్లాండర్స్ గుర్రం నుంచి మనిషికి సోకి ప్రాణం తీయగలదు. ఎవరైనా కొత్త గుర్రాన్ని కొంటే ఈ పరీక్ష ఫలితం వచ్చేవరకు దాన్ని వేరుగా కట్టండి, చేతి గాయాలతో దగ్గరికి పోకండి. ఫలితాలు వచ్చేదాకా మన తెల్లగుర్రమూ ఒంటరిగానే ఉంది. దానికి అది నచ్చలేదు. గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరితనంలో కునుకు కూడా సరిగా తీయదు. రోగం లేదని తెలిశాక ముసలి గుర్రాన్ని పక్కన కట్టారు. ఆ రాత్రి మొదటిసారి నేల మీద పడుకుందని యువకుడు సంబరంగా చెప్పాడు.

పెన్నా ఒడ్డున ఒక రైతు దగ్గర లూసర్న్ కుదిరింది. రాత్రి రెండు గంటల మేత మటుకు నిద్రపట్టని నాకు అప్పగించారు. టార్చి పట్టుకుని వెళ్లి అరకిలో తూచి వేసేవాడిని. దవడ కింద నాడి చూసేవాడిని. గుర్రానికి విశ్రాంతిలో నిమిషానికి ఇరవై ఎనిమిది నుంచి నలభై నాలుగు వరకు మామూలు. మొదటి వారం యాభై ఎనిమిది. మూడవ రాత్రి, నాలుగవ రాత్రి నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ కుర్చీలో నేను దేనికోసం కూర్చున్నానో ఆ యువకునికి చెప్పలేదు. అయిదవ ఉదయం గుర్రం లద్దె గట్టిపడి ఉండలుగా పడింది. ఆ లద్దెను చూసి అంత సంతోషించిన మనిషి కడపలో మరొకరు ఉండరు.

బాగుపడటం ఒక వరుసలో జరుగుతుంది. ముందు కళ్లు, చెవులు. పిలిస్తే చెవి తిరగడం మొదలవుతుంది. తరువాత పొట్ట నిండుతుంది, చూసినవాళ్లు లావెక్కింది అంటారు, కానీ అది గడ్డి పొట్ట. మూడు నెలలకు పాత వెంట్రుకలు రాలి మెరిసే బొచ్చు వస్తుంది. వెన్ను మీద కండ అన్నిటికంటే చివర. గుర్రం ఒడ్డూపొడుగూ చూసి అంకె వేసే పద్ధతి ఒకటి ఉంది. హెన్నెకే అనే శాస్త్రవేత్త 1983లో టెక్సాస్‌లో రూపొందించాడు. ఒకటి అంటే ఎముకల గూడు, తొమ్మిది అంటే కొవ్వు ముద్ద. మాది ఒకటికీ రెండుకూ మధ్య మొదలైంది. తూకం వేయడానికి దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, దాన్ని ఒంటి పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి, కొలతలు సెంటీమీటర్లలో. మొదటి రోజు ఛాతీ 146, పొడవు 142. అంటే 255 కిలోలు.

మాఘంలో ఒక పొరపాటు జరిగింది. వడ్డీ కట్టాల్సిన రోజు దగ్గర పడి, మంచి అద్దె వస్తుందని ఆ యువకుడు ఎవరికీ చెప్పకుండా గుర్రాన్ని ఒక పెళ్లికి తీసుకుపోయాడు. పెళ్లికొడుకు బరువైనవాడు. తెల్లవారి చూస్తే జీను కింద వెన్ను మీద రెండు చోట్ల తోలు లేచిపోయింది. కండ లేని వెన్ను అది. పైగా అక్కడ ఎవరో ప్రేమతో లడ్లూ పులిహోరా తినిపించారట. అన్నమూ తీపీ గుర్రపు పేగులో పులిసి గిట్టల లోపల వాపు తెస్తాయి. కడుపునొప్పి వస్తే అది వాంతి చేసుకోలేదు, దాని శరీరానికి ఆ వీలు లేదు. అదృష్టవశాత్తు పుండ్లతోనే పోయింది, నెల రోజులు వెనక్కి వెళ్లాము. నేను కోప్పడలేదు. అతని ఇంటి లెక్క నాకు తెలుసు. ముసలి గుర్రంతోనే చిన్న ఊరేగింపులు చేసి ఆ సీజను నెట్టుకొచ్చాడు.

ఈ నేలకు గుర్రం ఎప్పుడూ అతిథే. విజయనగర రాజు ఏటా పదమూడు వేల ఓర్ముజు గుర్రాలను కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే మార్కో పోలో, పాండ్యరాజులు వేలకొద్దీ గుర్రాలను కొన్నా ఏడాది తిరిగేసరికి చాలా కొద్ది మాత్రమే మిగిలేవని, వాటికి ఉడికించిన అన్నమూ మాంసమూ పెట్టేవారని చెప్పాడు. యాత్రికుల మాటల్లో అతిశయం ఉండవచ్చు. కానీ అన్నంతో చచ్చిన గుర్రాల మాట నేను కొట్టిపారేయను. మన దగ్గర కొర్రగడ్డి కూడా జాగ్రత్త. ఎద్దులకు పనికొస్తుంది గానీ, గుర్రానికి అదొక్కటే మేతగా పెడితే మూత్రపిండాలకూ కీళ్లకూ చేటు.

ఇక మీ ఇంటి విషయం. గొంతు జబ్బుతోనో, దిగులుతోనో, తాగుడుతోనో, కఠినమైన ఉపవాసంతోనో అయిదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషి మీ ఇంట్లో ఉంటే, తినడం మొదలుపెట్టగానే విందు పెట్టకండి. ఇంట్లో ఎవరినో పిలిచి గ్లూకోజు ఎక్కించుకోవడం అసలే వద్దు. మామూలు తిండిలో సగానికి మించకుండా, చిన్న చిన్న భాగాలుగా మొదలుపెట్టాలి. పది రోజులు దాటితే అది ఆసుపత్రి పని. అక్కడ కిలో బరువుకు రోజుకు పది క్యాలరీలతో ఆరంభించి, రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం చూసుకుంటూ, తిండికి ముందే థయామిన్ ఇచ్చి, రోజురోజుకూ పెంచుతారు. ఎండిపోయిన పసిపిల్లలకు పోషకాహార పునరావాస కేంద్రాలలో మొదట ఇచ్చే ఎఫ్-75 పాలు వంద మిల్లీలీటర్లకు 75 క్యాలరీలే. "ఇంత పలచని పాలా?" అని తల్లులు గొడవపడతారు. పడనీయండి, పాలు మార్చకండి. తినడం మొదలైన మొదటి వారంలో పాదాల వాపు, ఆయాసం, గుండె దడ, మాట తడబాటు, అయోమయం, వీటిలో ఏది కనిపించినా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. రోగి ఎన్ని రోజులుగా తినలేదో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. నేను ఆ ముసలమ్మ బంధువులను ఆ ప్రశ్న అడిగాను, జవాబు విన్నాను, విని కూడా అర్థం చేసుకోలేదు.

వైశాఖంలో టేపు మళ్లీ పట్టాము. ఛాతీ 163. అంటే 318 కిలోలు. విశ్రాంతిలో నాడి ముప్పై ఎనిమిది. వెన్ను మీద చేయి వేస్తే ఎముక తగలడానికి కొంచెం నొక్కాలి. పశువైద్యుడు తక్కువ బరువున్న మనిషిని అరగంట సేపు ఎక్కించవచ్చన్నాడు. ఉలవలు ఇప్పుడు పూటకు దోసెడు, ఉడికించి, తవుడు కలిపి. ఆ దోసెడు తల్లి చేతితోనే వేయాలి, అది ఆమె షరతు.

మా గేటు పక్కన ఎర్ర గన్నేరు ఉండేది. కొన్ని ఆకులు తిన్నా గుర్రం గుండె ఆగుతుంది కనుక అది వచ్చిన వారంలోనే నరికించి వేళ్లు తీయించాను. ఆ చోట గరిక మొలిచింది. సాయంత్రం నడిపించేటప్పుడు గుర్రం అక్కడ తనంతట తానే ఆగుతుంది. పగ్గం లాగవద్దని ఆ యువకునికి సైగ చేసి, నేను కుర్చీలో కూర్చుని అది గరిక కొరికే చప్పుడు వింటూ ఉంటాను.