మార్కాపురంలో రక్తం సూది

మార్కాపురంలో డయాలసిస్ కేంద్రం చూడాలని వెళితే, టెక్నీషియన్ నన్ను ముందు నీళ్ల గదిలోకి తీసుకెళ్లాడు. ఒక్కో మనిషికి నాలుగు గంటల డయాలసిస్‌లో దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగే నీళ్లకు 1.5 వరకు పరవాలేదంటారు గానీ, కనిగిరి, పొదిలి వైపు ఎన్నో ఊళ్ల బోర్లలో అంతకు మించే ఉంటుంది. పక్కన నల్లమల, అందులో పుట్టిన గుండ్లకమ్మ. అయినా ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్లివి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం చూస్తూ చూస్తూ ఒక తరం ముసలిదైపోయింది. కిడ్నీలు పాడైన నేరమంతా నీళ్ల మీదే మోపలేం. బీపీ, షుగరు, ఏళ్ల తరబడి మింగిన నొప్పి మాత్రలు కూడా ఉన్నాయి.

“నీళ్లు తేడా వస్తే సూది కూడా పనిచేయదు సార్,” అన్నాడతను. క్లోరమైన్ మిగిలిపోతే ఎర్ర కణాలు పగిలిపోతాయి. అల్యూమినియం చేరితే మందు ఎంత ఇచ్చినా రక్తం పెరగదు.

నేను వచ్చింది ఆ సూది కోసమే. ఇక్కడ అందరూ రక్తం సూది అంటారు. లోపలుండేది ఎరిత్రోపోయిటిన్ అనే మానవ ప్రొటీన్. కిడ్నీ అంటే మలినాలు వడకట్టేదని మాత్రమే మనకు తెలుసు. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు పసిగట్టి, ఎర్ర కణాలు తయారుచేయమని ఎముక మూలుగకు కబురంపేదీ కిడ్నీయే. ఆ కబురే ఈ ప్రొటీన్. కిడ్నీ చచ్చుబడితే కబురు ఆగిపోతుంది, రక్తం పడిపోతుంది. పలకల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన ఒక పెద్దాయన మంచం మీద పడుకునే చెప్పాడు: “అంతకు ముందు బాత్రూముకు పోయి రావాలన్నా ఆయాసమే నాయనా. ఇప్పుడు గేదెల కాడికి పోయొస్తన్నా.”

ఆయన పొట్ట మీద నర్సమ్మ వేసిన సూది 4,000 యూనిట్లది. బరువులో చెప్పాలంటే అందులోని ప్రొటీన్ సుమారు 30 మైక్రోగ్రాములు. ఇంత చిన్న మోతాదు వెనక ఎంత శ్రమ ఉందో తలచుకుంటే గుండె నిండుతుంది. జపాన్‌లోని కుమమోటోలో తకాజీ మియాకే అనే వైద్యుడు, మూలుగ పనిచేయక తీవ్ర రక్తహీనతతో ఉన్న రోగుల మూత్రం 2,550 లీటర్లు సేకరించి, ఎండగట్టి షికాగో చేర్చాడు. అందులోంచి యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం 1977లో తీయగలిగిన శుద్ధ ప్రొటీన్ సుమారు 8 మిల్లీగ్రాములు. ఈ కేంద్రంలో వాడే సూదులుగా లెక్కేస్తే మూడు వందలకు కూడా రాదు. ఆ కాస్త ప్రొటీన్ ఆధారంగానే తైవాన్‌లో పుట్టిన ఫూ–కుయెన్ లిన్ అమెరికాలో దాని జన్యువును పట్టుకున్నాడు. ఆ మానవ జన్యువును చైనా హామ్‌స్టర్ అనే చిట్టెలుక కణాల్లో పెడితే, అవి మన ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. అంతవరకు డయాలసిస్ రోగికి రక్తం పడిపోతే మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించడమే ప్రధానమైన దారి.

ఈ రీకాంబినెంట్ విద్య మనకు దూరందేమీ కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో ఈ పద్ధతిలోనే హెపటైటిస్–బి టీకా తెచ్చింది. తర్వాత ఎరిత్రోపోయిటిన్ కూడా తయారుచేసింది.

ఇదే ప్రొటీన్ ఇంకో రూపంలో ప్రయోగశాలలకూ వెళుతుంది. మూలకణాల నుంచి ఎర్ర కణాలు ఎలా పుడతాయో గాజు పాత్రలో చూడాలంటే ఇది చుక్క వేయాల్సిందే. ఆ చిన్న సీసాల మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటుంది. ప్రొటీన్ అదే అయినా, మనిషి ఒంట్లోకి పోవడానికి కావలసిన పరీక్షలు వాటికి జరగవు. ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. 1998 తర్వాత యూరప్‌లో ఒక కంపెనీ మందులో ప్రొటీన్‌ను నిలబెట్టే పదార్థం మార్చాక, కొందరు రోగుల ఒళ్లు ఈ ప్రొటీన్ మీదే ఎదురుతిరిగింది. వాళ్లలో ఎర్ర కణాల తయారీ దాదాపు ఆగిపోయింది.

ఇంత సున్నితమైన ప్రొటీన్ కాబట్టే నర్సమ్మ మందులుంచిన ఫ్రిజ్ తలుపు ఎక్కువసేపు తెరవనివ్వలేదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, గడ్డకట్టకూడదు, బాగా కుదపకూడదు. బయట కొనుక్కుని గిద్దలూరు దాకా బస్సులో తీసుకెళ్లే ఒకామెకు ఆవిడ విడమరిచి చెప్పింది: “ఐసు ముక్కల మీద నేరుగా పెట్టొద్దమ్మా, మధ్యలో గుడ్డ చుట్టు. కరెంటు పోతే ఫ్రిజ్ తెరవొద్దు.”

మందు పేరు, ధర రోగులందరికీ తెలుసు. అదేమిటో, ఎందుకు చల్లగా ఉండాలో చెప్పేవాళ్లే తక్కువ. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో నాలుగు వాక్యాలు అచ్చువేస్తే ఎంతో మేలు. రక్తం ఎక్కువ పెరిగితే మంచిదనుకుని రెండు సూదులు అడిగేవాళ్లూ ఉన్నారట. హిమోగ్లోబిన్ 13 దాకా తోస్తే గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. పది, పదకొండు చాలు. పెద్దాయన చీటీలో 10.2 ఉంది. ఆ నెల మోతాదు మార్చలేదు.