ఓక్ పెట్టె, మా భోషాణం

స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లినవాళ్లు షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు చూసి, నది దగ్గర హంసలతో ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఊరికి మైలు దూరంలో షాటరీ ఉంది. అక్కడ ఆయన భార్య యాన్ హాతవే పుట్టిల్లు ఉంది, తప్పక చూడండి. గడ్డికప్పు ఇల్లు. 1892లో ట్రస్టు కొనేనాటికి కూడా ఆ వంశం వాళ్లు అందులోనే ఉంటున్నారు. అందుకేనేమో మ్యూజియంలా కాక ఎవరో ఇప్పుడే పెరట్లోకి వెళ్లినట్టుంటుంది.

పిల్లలు తోటలోకి పరిగెత్తారు. నేను సామాను దగ్గరే ఆగిపోయాను.

పొయ్యి పక్కన వీపు ఎత్తుగా ఉన్న బల్లని సెటిల్ అంటారు. ఆ ఎత్తు దర్జాకి కాదు, సందుల్లోంచి వచ్చే చలిగాలి వీపుకి కొట్టకుండా. కొన్ని సెటిళ్లకు కూర్చునే పలకే మూత, లోపల దుప్పట్లు. మేడమీద నగిషీ చెక్కిన ఓక్ మంచం. షేక్‌స్పియర్ 1616 నాటి వీలునామాలో భార్యకి తన మంచాల్లో రెండో రకం దాన్ని రాశాడు. అవమానించాడని కొందరంటారు. మేలైన మంచం అతిథులకి కాబట్టి రెండోదే ఆలుమగలది అని ఇంకొందరు. నాదీ అదే మాట. మన ఇళ్లలో మాత్రం కొత్త దుప్పటి ఎప్పుడు తీస్తాం, చుట్టాలొస్తేనే కదా!

ఇక ఓక్ పెట్టెలు, కాఫర్ అంటారు. బట్టలు, గింజలు, పత్రాలు అన్నీ అందులోనే. మూత వేస్తే బెంచీ. పచ్చి కర్రతో చట్రం చేసి, ఎండిన చెక్క మేకులు దిగ్గొట్టేవారు. చట్రం ఎండేకొద్దీ మేకుని బిగించి పట్టుకుంటుంది. మధ్య పలకలకి జిగురు పెట్టరు, గాడిలో వదులుగా నిలబెడతారు. చలికాలం, ఎండాకాలం చెక్క సాగినా ముడుచుకున్నా పగలదు.

ఇనుప మేకు కొట్టినచోట మాత్రం నల్లటి మచ్చ. ఓక్‌లో టానిన్ ఎక్కువ, తడి తగిలితే ఇనుముతో కలిసి నల్లబడుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఇలాగే: కరక్కాయలో నానిన బట్టమీద ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లు. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ పెట్టె మూతమీద కనబడితే భలే సరదా వేసింది.

ఇక్కడ పాత ఓక్ సామాను ధరలు గత ఇరవై ఏళ్లలో బాగా పడిపోయాయి. ఒక కాఫర్ మేమూ కొన్నాం, కొత్త సోఫా ఖరీదులో సగం కూడా కాలేదు. రేడియేటరుకి దూరంగా పెట్టాను, లేకపోతే చెక్క బీటలిస్తుంది. పట్టుచీరలు పెట్టాలంటే నూలుబట్టలో చుట్టండి, చెక్కకి నేరుగా తగలనివ్వద్దు.

అదే నెలలో మా అత్తగారు ఫోన్ చేశారు. ఊళ్లో ఇల్లు అమ్మేస్తున్నారు, భోషాణాన్ని కలప వ్యాపారి తూకానికి అడిగాడట. "ఫ్లాటులో ఎక్కడ పెడతామమ్మా, గుమ్మంలో పట్టదు" అన్నారు. కొలతలు అడిగాను. నిజమే, మూడంగుళాలు ఎక్కువ. మూత ఊడదీసి, పక్కకి తిప్పితే పడుతుందని బొమ్మ గీసి మా మరిదికి పంపాను. వడ్రంగిని పిలిచాడు. ఇప్పుడది విజయవాడలో బాల్కనీ తలుపు పక్కన ఉంది. లోపల పరుపులు. మీద అత్తగారు కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నారు.