వేరుగా పెట్టిన గిన్నె

నా బీరువాలో ఒక చిన్న ఇత్తడి గిన్నె యున్నది. ఇరువది సంవత్సరములకు పైగా దానిని దాచియుంచితిని. అది నా తప్పునకు సాక్షి. ఈ నెల దానినిగూర్చి మీతో చెప్పదలచితిని.

2003వ సంవత్సరమున నేను గుంటూరు జిల్లాలో ఒక పల్లె సంఘమునకు కాపరిగా నుంటిని. వేదాంత కళాశాల విడిచి అప్పటికి కొలది యేండ్లే. ఆ సంఘములో లారీ తోలు సహోదరుడొకడు నెలల తరబడి జ్వరముతోను విరేచనములతోను చిక్కి శల్యమై మరణించెను. అది ఎయిడ్సు అని ఊరు గుసగుసలాడెను. రక్తపరీక్షలో అతని భార్యకును హెచ్.ఐ.వి. కలదని తేలినది. మూడేండ్ల కూతురు మాత్రము దేవుని దయవలన తప్పించుకొనెను. ఆ కబురు ఆమెకంటె ముందే పల్లె చేరినది.

ప్రభు భోజనపు ఆదివారమునకు ముందు రాత్రి సంఘ పెద్దలు ముగ్గురు నాయొద్దకు వచ్చిరి. "అయ్యగారూ, ఆమె నోరుపెట్టిన గిన్నెలో మేము త్రాగము. రావద్దని మీరే చెప్పండి" అనిరి. ఆ రోగము గిన్నెవలన రాదని నాకు తెలియును. అయినను వారి నెదిరించు ధైర్యము లేకపోయెను. "ఆమెను ఆపను గాని, వేరుగా ఒక గిన్నె పెట్టెదను" అంటిని. ఇరుపక్షములకును మంచివాడనైతినని ఆ రాత్రి సుఖముగా నిద్రించితిని.

మరునాడు ఆమె వరుస చివర మోకరించినది. నేను ఇత్తడి గిన్నె అందించితిని. ఆమె గిన్నెను చూచెను, నన్ను చూచెను, త్రాగి లేచిపోయెను. మరల గుడికి రాలేదు. నిజము చెప్పవలెనన్న, ఆమె రాకపోవుటచేత నాకు భారము దిగినట్లే యుండెను.

ఆ దినములలో ఈ రోగమునకు మందు లేకపోలేదు, బీదవానికి అందలేదు. 2000 ప్రాంతమున పైదేశములలో ఒక మనిషికి ఏడాదికి సరిపడు మందుల ఖరీదు పదివేల డాలర్లకు పైమాట. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ రోజుకు ఒక డాలరు లోపుననే ఇచ్చెదనని ప్రకటించెను. కూలి చేసికొను విధవరాలికి అదియు అందని పండే. 2004 ఏప్రిల్ 1వ తేదీన మన ప్రభుత్వము కొన్ని పెద్ద ఆసుపత్రులలో ఈ మందులను ఉచితముగా నిచ్చుట మొదలుపెట్టెను. అందులో మన రాష్ట్రమును ఉండెను. క్రమముగా జిల్లా ఆసుపత్రులకును అవి వచ్చినవి.

2007లో ఒక ఉదయము నేను రోగి నొకరిని చూచుటకు పట్నమునకు పోవుచుండగా, బస్సు వెనుక సీటులో ముసుగు కప్పుకొనియున్న ఆ సహోదరిని చూచితిని. ఆసుపత్రి ఇంకను దూరముండగానే ఆమె దిగెను. నేనును దిగి ప్రక్కన నడచితిని. చాలసేపటికి ఆమె నోరు విప్పినది.

"మందులు ఊరికే ఇస్తున్నారు అయ్యగారూ. తెచ్చుకోవడమే కష్టం. ఆసుపత్రి దగ్గర దిగితే మనూరివాళ్లు చూస్తారు. సీసా మీద కాగితం చింపేసి మాత్రలు మెంతుల డబ్బాలో పోస్తాను. పెళ్లికి చుట్టాలొస్తే నాలుగు రోజులు మింగలేదు. మా వదిన నాకు కంచం వేరు పెట్టింది. ఎందుకని అడిగితే, ‘మీ గుడిలో అయ్యగారే వేరు పెట్టారుగా’ అంది. దానికి నేనేం చెప్పేది?"

సహోదరులారా, ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేదు. ఈ మాత్రలు తప్పక ప్రతిదినము మ్రింగవలెను. తరచు మానినచో రోగక్రిమి మందునకు లొంగకుండ తిరుగబడును. ప్రభుత్వము ఉచితముగా తెరచిన తలుపును నా గిన్నె మూయుచుండెను.

సంఘము ఎదుట నా తప్పు ఒప్పుకొందునా అని అడిగితిని. "నా పేరెత్తకండి. మీ తప్పు మీరు చెప్పుకోండి" అనెను. అట్లే చేసితిని. ఆ నెల ప్రభు భోజనమునకు ఆమె వచ్చెను. అందరి గిన్నెతోనే ఆమెకిచ్చి, ఆమె తరువాత నేను త్రాగితిని. ఆ దినము ఇద్దరు పెద్దలు బల్లయొద్దకు రాలేదు. ఒకరు మరుసటి యేడు వచ్చిరి. రెండవవారు చనిపోవువరకును రాలేదు. దానికిని నేనే కొంత బాధ్యుడను. మొదట భయమును నేర్పినవాడను నేను గదా.

మన ప్రభువు దూరమునుండి మాటతోనే రోగులను బాగుచేయగలవాడు. అయినను కుష్ఠరోగిని ముందు ముట్టుకొనెను. ఆ మనుష్యునికి రోగముకంటె ఎవరును ముట్టకపోవుటయే పెద్ద గాయమని ఆయన ఎరుగును.

కాబట్టి కాపరిగా కొన్ని సంగతులు చెప్పుచున్నాను. ఈ రోగము ముట్టుకొనుటవలన, కలిసి తినుటవలన, దోమకాటువలన రాదు. 2017 నుండి మన దేశములో పరీక్షలో తేలిన ప్రతివారికిని ఆలస్యము లేకుండ ఉచిత చికిత్స కలదు. మందు క్రమముగా వాడి, రక్తములో క్రిమి పరీక్షకు కనబడనంతగా అణగి అట్లే నిలిచినవారివలన భార్యకు గాని భర్తకు గాని అది సోకదు. చికిత్స లేనిచో తల్లినుండి నూటికి 15 మొదలు 45 మంది బిడ్డలకు సోకవచ్చును. చికిత్స ఉన్నచో అయిదుగురికంటె తక్కువకు తగ్గించవచ్చును. ఒకరి రోగమును వారి సమ్మతి లేక బయటపెట్టుటయు, దానినిబట్టి పనినుండి, బడినుండి వెళ్లగొట్టుటయు 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము నిషేధించుచున్నది. సందేహమున్నవారు 1097కు ఉచితముగా ఫోను చేయవచ్చును. మరియొక మాట: "ప్రార్థించితిమి గనుక మాత్రలు మానుడి" అని ఎవరైన చెప్పినయెడల వినకుడి. ప్రార్థించి, మాత్ర మ్రింగుడి.

ఆ సహోదరి నేటికిని ఆరోగ్యముగా పొలము పనికి పోవుచున్నది. కూతురికి వివాహమై, బిడ్డ పుట్టినది. ఆ బిడ్డకు నేనే బాప్తిస్మమిచ్చితిని. నీళ్లు పోయుచుండగా అమ్మమ్మయే ఎత్తుకొని నిలిచినది.

ఇత్తడి గిన్నెను పారవేయుమని నా భార్య పలుమారు చెప్పినది. నేను పారవేయలేదు. ఎవరినైన వేరుగా కూర్చుండబెట్టవలెనని సంఘములో మాట వచ్చినప్పుడెల్ల బీరువా తెరచి దానిని చూచెదను. మీ ఇంటను, మీ గుడిలోను అట్టి గిన్నె ఏదైన ఉన్నదేమో నేడే వెదకుడి. ప్రభువు మనకందరికిని ఒకే గిన్నెలో త్రాగు ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.