నీటికంటె ముందు నడువవలసిన వార్త

గడచిన యాశ్వయుజమాసములో బంధువులను జూచివచ్చు నిమిత్తము మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములకుఁ బోయితిమి. ఉరవకొండనుండి కృష్ణగిరికిఁ బోవు 42వ జాతీయ రహదారిమీఁదనే యీ మూఁడూళ్లును వరుసగా నున్నవి. ప్రయాణము చిన్నదే యైనను, అందు మేము నేర్చుకొన్న పాఠము మాత్రము చిన్నది కాదు. అందు మా తప్పును గలదు. సోదరీమణులకు నుపయోగించునని దాఁచక వ్రాయుచున్నాము.

మదనపల్లె మెట్టసీమ. ఎత్తైన తావగుటచే గాలి చల్లగా నుండును. చేరువనే హార్స్లీ కొండ. 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరుగారు ఇచ్చటి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి, తమ 'జనగణమన' గీతమును ఇంగ్లీషులోనికి మార్చిరి. ఇప్పుడీ యూరు టమోటా సంతకుఁ బేరుపొందినది.

మేము బాహుదా నదిని జూడఁబోయితిమి. నదియన్న పేరేకాని, ఆనాఁడు సన్నని ధార మాత్రమే యుండెను. “కఱవు మాకుఁ జుట్టము గాని, వఱద మాకెక్కడిదమ్మా?” అని మాకు బసయిచ్చిన యిల్లాలు నవ్వినది. మేమును నవ్వితిమి. కాని యీ బాహుదా నీరు తుదకుఁ జెయ్యేటిలోఁ గలియునని యాలోచింపలేదు. 2021 నవంబరులో నీ ప్రాంతములందు మిక్కుటముగా వానలు గురిసినవి. చెయ్యేరు పొంగి, ఆ నెల 19వ తేది తెల్లవాఱుజామున రాజంపేట దగ్గఱి అన్నమయ్య జలాశయపుఁ గట్ట తెగినది. నాఁడు కార్తికపూర్ణిమ. పులపుత్తూరు, మందపల్లి మున్నగు గ్రామములపై నీరు విఱుచుకొనిపడెను. పదులకొలఁది జనులు మృతిచెందిరి. పైయూళ్ల వానయే క్రిందియూళ్ల వఱద.

1977లో దివిసీమను ఉప్పెన ముంచినదియు నవంబరు 19వ తేదియే. అప్పుడు పదివేలమందికిఁ బైగా మరణించిరి. ఆ కాలమున తుపాను వార్తకు రేడియోయే దిక్కు; అది గల యిండ్లు కొన్నియే. నేఁడు సెల్‌ఫోను లేని యిల్లరుదు. వాట్సాప్, యూట్యూబు, పాడ్‌కాస్టు లని వార్తకు వేయి త్రోవలు గలవు. మఱి త్రోవలు హెచ్చినంత మాత్రమున మంచివార్తయే ముందుగా వచ్చునా? దీనికి సమాధానము మాకుఁ బుంగనూరిలో దొరకినది.

పుంగనూరనఁగానే పొట్టియావులు గుర్తునకు వచ్చును. మా చిన్నమ్మగారి పెరటిలోను అట్టివి రెండు గలవు. సాయంకాలము వానకు ముందు వానిని గొట్టములోఁ గట్టివేయుచుండఁగా మా ఫోనునకొక వీడియో వచ్చినది. చెఱువుకట్ట తెగి నీరు దుముకుచున్నది. జనులు కేకలు వేయుచున్నారు. “పై చెఱువు తెగినది, రాత్రికి ఊళ్లు మునుఁగును, అందఱికిఁ బంపుఁడు” అని దాని క్రింద వ్రాసియున్నది. మేము గుండె యదరి, ముందు వెనుక చూడక, రాజంపేటవైపు బంధువులతోఁ గూడ పదునొకరికిఁ బంపివేసితిమి.

చిన్నమ్మగారి కోడలు, మాకు వదిన, ఫోను చేతఁగొని శాంతముగా నడిగినది: “ఇది యే చెఱువు? ఏ యూరిది? తెగినది నేఁడా, నిరుడా? చెప్పినవా రెవరు?” ఒక్కదానికిని మాయొద్ద జవాబు లేదు. మరల నాలకింపఁగా ఆ కేకలు మన భాషవి కావు; దుకాణపుఁ బలక మీఁది లిపియు మనది కాదు. మండల కార్యాలయమునకు ఫోను చేసి యడుగఁగా, ఏ చెఱువును దెగలేదని చెప్పిరి. వెంటనే యా పదునొకరికిని “అది యబద్ధము, మాదే తప్పు” అని తెలియఁజేసితిమి. కాని యప్పటికే యొక యింటివారు పక్షవాతముతోనున్న ముసలమ్మను మంచముతోడనే మిద్దెపైకిఁ జేర్చిరి. ఆ రాత్రి యామె తడిసి వణఁకినదని విని మాకు నిద్రపట్టలేదు. 2021 నాఁటి నీటిని గన్నులారఁ జూచినవారికి అట్టి వార్త యెట్లుండునో మేము తలఁపనైతిమి గదా!

మఱునాఁడు మధ్యాహ్నము ఫోను మరల మ్రోఁగినది. ఈ మాఱు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పంపిన హెచ్చరిక: పిడుగులు పడు నవకాశము గలదు, బయలునను జెట్లక్రిందను నిలువరాదు అని. “ఇదియు నిన్నటి సరుకే” యని మగవారు నవ్విరి. అబద్ధము చేయు నసలైన హాని యిదియే సుమా! అది నిజమునకుఁ గూడ విలువ లేకుండఁ జేయును. వదిన మాత్రము పంపినవారి పేరును, మండలము పేరును, వేళను జూచి, టమోటాతోఁటలోఁ గోఁతకుఁ బోయిన స్త్రీల మేస్త్రికి ఫోను చేసినది. వారు చింతచెట్టు క్రిందికిఁ బోక, ఊరి బడిలోనికి వచ్చి కూర్చుండిరి. గడియలోపల నాకాశము పగిలినట్లుఱిమినది. కడపటి యుఱుము వినఁబడిన పిదప అరగంటదాఁక నెవ్వరును వెలికిఁ బోలేదు. పిడుగెచ్చటఁ బడినదో మాకుఁ దెలియదు. తోఁటలో నెవరును లేరు, అంతే చాలును.

పాలారు ప్రక్కనుండి పోవు కుప్పము మూఁడు రాష్ట్రముల కూడలి. 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయ మిచ్చట నున్నది. ఒక్క వీథిలోనే తెలుఁగు, తమిళము, కన్నడము వినఁబడును. చదువురాని పెద్దమ్మకు వ్రాఁత నిరుపయోగము. అందుచే మా బంధువులలో నొకామె హెచ్చరికను దన గొంతుతోఁ జదివి యింటింటి ఫోనునకును బంపును. పాడ్‌కాస్టు వంటిదియు నిట్టి మేలే చేయును. చేతులు వంటలో నున్నను జెవులు ఖాళీయే గదా!

ఇచ్చటి యడవియంచుల గ్రామములకు ఏనుఁగుల భయము గలదు. మంద ఎటు కదలుచున్నదో చీఁకటిపడకముందే చెప్పుకొనుట ప్రాణరక్షణము. దానిని వీడియో తీయుటకై గుంపుగాఁ బోవుట ప్రాణాపాయము. పాలారు సంగతియు నట్టిదే. 1903 నవంబరులో ఎగువ మైసూరు సీమ చెఱువులు తెగి, ఈ యేటి వఱద దిగువ తమిళసీమలోని వాణియంబాడిని ముంచినది. నీటికి రాష్ట్రపు సరిహద్దు లేదు, వార్తకు నుండరాదు.

సోదరీమణులారా! మీ ఫోనులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి 'సచేత్', పిడుగులను దెలుపు పుణె పరిశోధనసంస్థవారి 'దామిని' చేర్చుకొనుఁడు. వాతావరణశాఖ రంగుల యర్థము పిల్లలకు నేర్పుఁడు: పసుపన్న గనిపెట్టియుండుట, నారింజయన్న సిద్ధపడుట, ఎఱుపన్న వెంటనే కదలుట. 1070, 112 సంఖ్యలను గోడపై వ్రాయుఁడు. టార్చిలైటును, మందులను, ముఖ్యమైన కాగితములను నొక సంచిలోఁ బెట్టియుంచుఁడు.

అన్నిటికంటె ముఖ్యముగా, ఏ వార్త వచ్చినను మా వదిన ప్రశ్నలు నాలుగు నడుగుఁడు: ఎక్కడ? ఎప్పుడు? ఎవరు చెప్పిరి? ఇది మన యూరిదేనా? జవాబు దొరకిన వార్తను జాగు చేయక పంపుఁడు. దొరకనిదానిని మీయొద్దనే యాఁపుఁడు. బియ్యములో రాళ్లేఱక యెసట వేయు నిల్లాలు లేదు. వార్తకును అంతే.